సర్వర్ డౌనంట! ఏ సర్వరు? ఎక్కడ?

2023 మే నెలాఖరు. రోహిణి కార్తె ఎండ. జగ్గయ్యపేట, నందిగామ వైపు ఊళ్ళోళ్ళు వచ్చే ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు, వేపచెట్టు కింద మా బాబాయ్, నేను, ఇంకో ఎనభై మందిదాకా నిలబడి ఉన్నాం. జూన్ 1 నుంచి ఎంపిక చేసిన చోట్ల భూముల మార్కెట్ విలువలు పెరగబోతన్నాయని అందరికీ తెలుసు. మా ఊరు కూడా ఆ లిస్టులో ఉందని డాక్యుమెంట్ రైటర్ చెప్పాడు. అందుకే ఎవురికి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మా బాబాయ్ కొనేది అరవై సెంట్లు. అమ్మే పెద్దమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు, పైగా షుగరు. వేలిముద్ర వెయ్యాలి గాబట్టి ఖమ్మం నుంచి కారు మాట్లాడి తీసుకొచ్చాం.

పదకొండింటికి లోపల్నుంచి ఒకాయన గుమ్మంలోకొచ్చి రెండే ముక్కలు చెప్పాడు. "సర్వర్ డౌన్."

నేను చేసే ఉద్యోగమే సర్వర్లు చూసుకోవటం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పదేళ్ళుగా అదే పని. నోరు ఊరుకోదు గదా, అడిగాను. "ఏ సర్వరండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సర్వరంటే సర్వరే బాబూ. పైనుంచి" అని చెయ్యి ఆకాశం వైపు ఎత్తాడు. వెనకాల ఎవురో కిసుక్కున నవ్వారు. మా బాబాయ్ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "నువ్వు గమ్మునుండు అబ్బాయ్, ఆయనకి కోపమొస్తే మనది చివరాకర్న పెడతాడు."

ఆ ఆఫీసు పేరు రాయను. రాయాల్సిన పని కూడా లేదు. ఆ రెండు మూడు రోజులూ రాష్ట్రమంతా అదే కథ. ఒక్క ఆఫీసుని అనటం న్యాయం కాదు.

సాయంత్రం దాకా కూర్చున్నాం. మర్నాడు మళ్ళీ వచ్చాం. పెద్దమ్మ కారులోనే పడుకుంది, మధ్యాన్నం ఇడ్లీ తెచ్చి పెట్టాం. పని కాలా. చివరికి జూన్ మొదటి వారంలో అయింది, కొత్త విలువ మీద. ఇక్కడొక లెక్క చెప్పుకోవాలి. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర. సర్కారు పుస్తకంలో 10 లక్షలున్న భూమి 12 లక్షలయిందనుకోండి. పెరిగిన 2 లక్షల మీద 15 వేలు అదనంగా కట్టాలి. ఆ 15 వేలు ఎవురు కట్టాలి? కొనేవాడు, "నేను మే నెల్లోనే డబ్బు పట్టుకుని వచ్చాను" అంటాడు. అమ్మేవాళ్ళు, "ఖర్చులన్నీ నీవే అనుకున్నాం గదా" అంటారు. మా ఇంట్లో సరిగ్గా ఇదే గొడవ. ఆ పెద్దమ్మ కొడుకులు, మా బాబాయ్ ఒకప్పుడు పెళ్ళిపిలుపులు ఉన్నోళ్ళు. ఇప్పుడు లేవు. ఆ సర్వరు మాత్రం వారం తిరక్కముందే లేచి కూర్చుంది.

రెండేళ్ళు తిరగలా, మళ్ళీ అదే బొమ్మ చూశాం. 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విలువలన్నారు. జనవరి ఆఖరు రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు మళ్ళీ తిరనాళ్ళే. రేషన్ కాడా అదే మాట, సచివాలయంలో కులం సర్టిఫికెట్ కాడా అదే మాట. ఇప్పుడు పత్తి అమ్మాలన్నా సీసీఐ వాళ్ళ 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాట్ తీసుకోవాలి. అంటే మన బతుకులో సగం ఏదో ఒక సర్వరు మీద ఆధారపడి ఉంది. కానీ ఆ మాటకి అర్థమేందో మనకి ఎవురూ చెప్పరు. అందుకే నాకు తెలిసిన కాడికి రాస్తన్నా.

ముందు, ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుని అందుకోలేకపోవటం రెండు రకాలు. మన రోడ్డు మీదే రెండిటినీ చూశాం.

2020 మార్చి, లాక్‌డౌన్ పెట్టిన రోజులు. హైదరాబాద్ హాస్టళ్ళు ఖాళీ చేయించారు. మనోళ్ళు బైకుల మీద, కార్లలో గరికపాడు చెక్‌పోస్ట్ దాకా వచ్చారు. అక్కడ పోలీసులు ఆపారు. రోడ్డు బాగానే ఉంది, చెక్‌పోస్ట్‌లో మనుషులున్నారు, వాళ్ళు మొహం మీదే చెప్పారు లోపలికి రానియ్యమని. దీన్ని మా భాషలో 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటారు. కంప్యూటరు ఈ మాట సెకనులో వెయ్యో వంతులో చెప్పేస్తది. ఆ మాట వచ్చిందంటే మామూలుగా అర్థం, మిషను బతికే ఉంది, దారీ బాగుంది, కానీ లోపల పనిచెయ్యాల్సిన ప్రోగ్రాం లేచి లేదు. లేదా తలుపు కాడ ఫైర్‌వాల్ అనే కాపలావాడు తిప్పి పంపుతున్నాడు.

2024 సెప్టెంబర్ 1న ఏమైంది? మున్నేరు పొంగి ఐతవరం కాడ హైవే మీదికొచ్చింది. జగ్గయ్యపేటలో బయల్దేరిన కారు బాగుంది, విజయవాడ ఎక్కడికీ పోలా, నడుమ రోడ్డు నీళ్ళలో ఉంది. ఎవురూ "రావొద్దు" అని చెప్పరు, నువ్వే ఎదురు చూసి చూసి విసుగొచ్చి తిరిగి వెళ్తావు. ఇది 'టైమ్ అవుట్'. దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి, నడుమ దారి తెగటం. రెండోది, దారి బాగుండి అవతల మిషను బిగుసుకుపోవటం. తెర మీద చూస్తే రెండూ ఒకటే గుండ్రం తిరుగుతా ఉంటాయి. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడికి తేడా తెలియదు. తెలియాలని అతనికి ఎవురూ నేర్పలా.

ఈ బిగుసుకుపోవటమే అసలు చిక్కు. మనుషులకి పక్షవాతం లాంటిది. సర్వరు చావదు, బతికీ ఉండదు. నాకు ఇట్టాంటి రాత్రిళ్ళు చాలా అయినయ్. ఫోన్ మోగుద్ది, లేచి చూస్తే సైటు రావటంలేదు. పింగ్ కొడితే మిషను పలుకుద్ది. ఎందుకంటే పింగ్‌కి జవాబిచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ అడుగు పొర, దానికి పెద్ద కష్టం లేదు. లాగిన్ అవుదామంటే మాత్రం నిమిషం గడిచినా పాస్‌వర్డ్ కూడా అడగదు. అట్టా ఉందంటే లోపల మెమరీ అయిపోయి, డిస్కులో కాస్త కాస్త రాసుకుంటా చదువుకుంటా గింజుకుంటందని అర్థం. దీన్ని స్వాప్ అంటారు. డిస్కు ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నిదానం గాబట్టి, మిషను పనంతా సంచులు ఇటు మోసి అటు మోసుకోవటంతోనే సరిపోద్ది. ఇంకాసేపటికి లైనక్స్ తనే కత్తి తీసుకుని మెమరీ ఎక్కువ తింటన్న ప్రోగ్రాంని చంపేస్తది. ఆ చచ్చేది సాధారణంగా డేటాబేసే. అప్పటిదాకా 'టైమ్ అవుట్' అన్నది కాస్తా అప్పట్నుంచి 'రిఫ్యూజ్డ్' అవుద్ది. చూసేవాడికి రెండు వేర్వేరు రోగాల్లాగా కనపడతాయి. రోగం ఒకటే.

మెమరీ ఒక్కటే కాదు. లాగ్ ఫైళ్ళు పేరుకుపోయి డిస్కు నిండిపోతే అంతే. ఇది నమ్మరు గానీ, మా కంపెనీలో పెద్ద పెద్ద గండాల్లో సగం డిస్కు నిండటం వల్లే. ఒక దస్తావేజు కోసం డేటాబేసు తాళం వేసుకుని, ఆ తాళం తియ్యటం మర్చిపోతే దాని వెనక ఉన్నోళ్ళంతా ఆగిపోతారు. ఇంకోటి, కనెక్షన్ల లెక్క. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు ఏ మార్పూ చెయ్యకుండా పెడితే ఒకేసారి 100 కనెక్షన్లు ఒప్పుకుంటది, మైఎస్‌క్యూఎల్ అయితే 151. లైనక్స్‌లో గుమ్మం ముందు వేచి ఉండే వరస చాలాకాలం 128 మందికే. కెర్నల్ 5.4 నుంచి దాన్ని 4,096 చేశారు. పెద్ద సిస్టమ్స్‌లో ఈ అంకెలు మారుస్తారు గానీ, ఎంత మార్చినా ఒక హద్దు అంటూ ఉంటది. వరస నిండినాక వచ్చినోడికి లైనక్స్ మామూలుగా "లేదు" అని కూడా చెప్పదు, గమ్మున వదిలేస్తది.

ఇప్పుడు మన పత్తి కొనుగోలు కేంద్రం కాటా గుర్తు తెచ్చుకోండి. ఒకటే కాటా. గంటకి పదిహేను ట్రాక్టర్లు తూగుతాయనుకుందాం. పొద్దున్నే ఇరవై వస్తే ఏం పర్లేదు, మధ్యాన్నానికి సర్దుకుంటది. రెండొందలొచ్చి, అన్నీ ఆవరణలోకే దూరితే? తూకం అయిపోయిన ట్రాక్టరు బయటికి రావటానికి కూడా దారుండదు. అప్పుడు కాటా గంటకి పదిహేను కాదు, మూడు కూడా తూచలేదు. సర్వరూ ఇంతే. వందమందికి సరిపోయేదాని మీద రెండొందల మంది పడితే సగం మందికన్నా పని జరుగుద్ది అనుకుంటాం. జరగదు. ఒక్కడికీ జరక్కపోవచ్చు.

దాని మీద మనం చేసే పనొకటుంది. తెర కదలకపోతే ఏం చేస్తాం? మళ్ళీ నొక్కుతాం. రిఫ్రెష్ కొడతాం. ఇంకో ట్యాబ్‌లో తెరుస్తాం. ఆపరేటరు కూడా అదే చేస్తాడు, ఎదురుగా ఎనభై మంది గుడ్లురిమి చూస్తంటే పాపం అతను మాత్రం ఏం చేస్తాడు. ఒక్కో నొక్కుడూ కాటా ముందు ఇంకో ట్రాక్టరు. నువ్వు వదిలేసి వెళ్ళిన పాత ట్రాక్టరు కూడా అక్కడే ఉంటది, డ్రైవర్ లేకుండా. అవతల ఇంజినీరు సర్వరుని ఆపి మళ్ళీ లేపుతాడు. లేచిన మరుక్షణం రాష్ట్రంలో కాచుక్కూర్చున్న ఆఫీసులన్నీ ఒక్కసారే మీద పడతాయి. మళ్ళీ పడిపోద్ది. "వచ్చింది వచ్చింది" అని లోపల్నుంచి కేక, ఐదు నిమిషాల్లో "పోయింది" అని ఇంకో కేక. ఆ రెండు రోజుల్లో ఆ కేకలు ఎన్నిసార్లు విన్నామో.

మరి ఇన్ని ఆఫీసులు ఒకేసారి ఎందుకు ఆగాలి? దీనికో చరిత్ర ఉంది. మన రిజిస్ట్రేషన్ శాఖలో కంప్యూటర్లు వచ్చింది 1998లో, 'కార్డ్' పేరుతో. గంటలో రిజిస్ట్రేషన్ అన్నారు, దేశంలో చాలామంది వచ్చి చూసెళ్ళారు. అప్పట్లో ఏ ఆఫీసు సర్వరు ఆ ఆఫీసులోనే ఉండేది. నందిగామలో పాడైతే నందిగామ ఆగేది, జగ్గయ్యపేట నడిచేది. తర్వాత అన్నీ కలిపి ఒకచోటుకి తెచ్చారు. అది తప్పని నేను అనను. ఎక్కడి ఈసీ అయినా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, దొంగ దస్తావేజు పట్టుకోవటం తేలిక, కాగితాలు గల్లంతయ్యే భయం తక్కువ. కానీ దానికి కట్టిన ధర ఇది: దాదాపు 300 ఆఫీసులకి ఒకటే గొంతుక. అది పట్టేస్తే ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా అందరికీ ఊపిరాడదు.

పైగా ఒక్క సర్వరుతో అయ్యేది కాదు. ఆధార్‌తో మనిషిని సరిచూడాలి, అది ఇంకొకళ్ళ సర్వరు. డబ్బు కట్టిన చలానా సరిచూడాలి, అది ఇంకోటి. పొలమైతే వెబ్‌ల్యాండ్‌ని అడగాలి. ఆఫీసులో నెట్టు, కరెంటు పోతే యూపీఎస్ బ్యాటరీ, ఇవి సరేసరి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా బయటికొచ్చే మాట మాత్రం ఒకటే, "సర్వర్ డౌన్". ఐదుగురు అన్నదమ్ముల్లో ఎవురు తప్పు చేసినా ఇంటిపేరు చెప్పి ఊరుకున్నట్టు.

నాకు బాధేసేదేందంటే, ఈ రద్దీ చెప్పకుండా వచ్చింది కాదు. మున్నేరు పొంగటం ముందే చెప్పలేం. విలువలు పెంచే తారీకు సర్కారే పెట్టింది. ఆ తారీకుకి ముందు రోజు జనం వస్తారని చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. నన్నడిగితే రిజిస్ట్రేషన్ సర్వరు చూసుకునే ఇంజినీరు బల్ల మీద గంటల పంచాంగం ఉండాలి. నేను నవ్వులాటకి అనటంలేదు. మూఢం ఎప్పుడు పోతందో, ఆషాఢం ఎప్పుడొస్తందో, మంచి రోజు ఏదో చూసుకునే గదా మనోళ్ళు దస్తావేజు రాయించుకునేది. లోడు ఎప్పుడొస్తదో అందులోనే ఉంది.

ఇంకోటి, ఈ శాతాల మాయ. 'మా సర్వరు ఏడాదికి 99 శాతం నడిచింది' అని ఎవురన్నా చెప్తే మెచ్చుకోబుద్ధి అవుద్ది. మిగిలిన ఒక్క శాతమంటే మూడున్నర రోజులకి పైనే, దగ్గర దగ్గర 88 గంటలు. ఆ 88 గంటలూ అర్ధరాత్రిళ్ళు పోతే ఎవురికీ తెలియదు. అవే మే 30, 31 అయితే? శాతం అదే. మా పెద్దమ్మకి మాత్రం నూటికి నూరు శాతం డౌనే.

రద్దీని తట్టుకోవటం మనకి చేతకాదా అంటే, చేతనవును. ఇంటర్ ఫలితాలు చూడండి. ఒకప్పుడు ఫలితాల రోజు ఇంటర్నెట్ సెంటర్ల కాడ గంటలకొద్దీ తెల్ల తెర చూస్తా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఎన్నో సైట్లలో పెడతన్నారు, 2025లో 'మన మిత్ర' వాట్సాప్‌లో కూడా ఇచ్చారు. లక్షలమంది నిమిషాల్లో చూసేశారు. అయితే ఒక తేడా ఒప్పుకోవాలి. ఫలితం ఒకసారి రాసి పెట్టింది, దాన్ని పది చోట్ల నకలు పెడితే సరిపోద్ది. రిజిస్ట్రేషన్ అట్టా కాదు, ఒకే సర్వే నంబరు ఇద్దరికి రాయకుండా తాళమేసి మరీ రాయాలి. నకళ్ళతో పని జరగదు. దానికున్న మందు, జనాన్ని కాలం మీద పరచటం. గుంటూరు మిర్చి యార్డు ఈ పని ఎప్పట్నుంచో చేస్తంది, సరుకు పొర్లిపోతే "రేపు తేవొద్దు" అని ముందే చెప్తది. మా వృత్తిలో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నయ్ గానీ పని అదే: ఎంతమందికి చెయ్యగలవో అంతమందినే లోపలికి రానివ్వు, మిగతావాళ్ళకి చీటీ ఇచ్చి టైము చెప్పు. 2025 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రాల ఆఫీసుల్లో స్లాట్ పద్ధతి మొదలెట్టి, ఆ తర్వాత మిగతా చోట్లకీ పెంచుకుంటా వచ్చారు. మంచి పనే. కాకపోతే స్లాట్ ఇచ్చేది కూడా ఒక సర్వరేనన్న సంగతి మర్చిపోకూడదు. వేపచెట్టు కింద వరస ఫోన్ తెర మీదికి మారితే, ఫోన్ లేని పెద్దమ్మ వరసలో ఎక్కడుందో ఎవురికీ కనపడదు.

అమెరికాలో ఇంతకంటే ఘోరం జరిగింది. 2013 అక్టోబర్ 1న ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్.గవ్ తెరిచారు. లక్షలమంది వచ్చిపడ్డారు. మొదటి రోజు బీమా తీసుకోగలిగింది ఆరుగురు. ఆరు వేలు కాదు, ఆరుగురు. బాగుచెయ్యటానికి వచ్చిన ఇంజినీర్లు చూసి ఆశ్చర్యపోయిందేందంటే, లోపల ఏ భాగం ఎంత నిదానంగా ఉందో చూపించే డాష్‌బోర్డే లేదు. వాళ్ళు ముందు అది పెట్టారు, తర్వాత అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఇక్కడ తప్పు ఎవురిదనే మాట మాట్లాడకూడదు, సమస్య ఏందనేదే మాట్లాడాలని నియమం పెట్టారు. రెండు నెలల్లో దారికొచ్చింది.

బ్రిటన్‌లో మాత్రం తప్పు ఎవురిదనే కాడే మొదలెట్టారు. అక్కడ తపాలా శాఖ 1999 నుంచి 'హొరైజన్' అనే సాఫ్ట్‌వేర్ పెట్టింది. లెక్కల్లో డబ్బు తగ్గినట్టు చూపించేది. పల్లెటూళ్ళలో చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్ళు మొత్తుకున్నారు, మిషను తప్పు చూపిస్తందని. వినలా. 900 మందికి పైగా దొంగతనం, మోసం అని శిక్షలు పడ్డయ్. కొందరు జైలుకెళ్ళారు, ఇళ్ళమ్ముకున్నారు. కోర్టు సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చింది 2019లో. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలు రద్దు చెయ్యాల్సొచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్తన్నానంటే, మన కాడ కూడా కోపమంతా కౌంటర్లో ఉన్నోడి మీదే పడుద్ది. రేషన్ డీలర్ని తిడతాం, సచివాలయం డిజిటల్ అసిస్టెంట్‌ని తిడతాం. "వీడికి పని చెయ్యబుద్ధిగాక సర్వరు మీదికి తోస్తన్నాడు" అంటాం. నిజంగా తోసేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. టీకి పోవటానికి సర్వరు డౌన్ చేసినోళ్ళని నేను కళ్ళారా చూశా. చెయ్యి తడిపితే సర్వరు లేచిన ఆఫీసులూ ఉన్నాయని మనకి తెలుసు. కానీ నిజం చెప్పేవాణ్ణీ అబద్ధం చెప్పేవాణ్ణీ ఎట్టా వేరుచెయ్యాలి? సర్వరు ఎప్పుడు పడిందో ఎప్పుడు లేచిందో గోడ మీద రాసుంటే కదా తెలిసేది. ఆ రాత లేకపోవటం వల్ల నిజాయితీగా పనిచేసే ఆపరేటరుకి తిట్లు, దొంగకి గొడుగు.

గడువు సంగతికొద్దాం. 2021 జూన్‌లో ఆదాయపన్ను కొత్త పోర్టల్ తెచ్చారు. అది నెలలకొద్దీ సతాయించింది. ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ ఆ పోర్టల్ చేసిన ఇన్ఫోసిస్ సీఈఓని పిలిపించి అడిగింది. రిటర్నుల గడువు డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సర్వరు పనిచెయ్యలేదు గాబట్టి పన్ను కట్టేవాడు నష్టపోకూడదని ఒప్పుకున్నట్టే గదా. అదే సూత్రం అరవై సెంట్లు కొనుక్కునే వాడికి ఎందుకు వర్తించదు? దస్తావేజు రాసుకున్నాక దాఖలు చెయ్యటానికి రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ నాలుగు నెలలు టైమిచ్చింది. అంటే పత్రం చెల్లుతదా లేదా అన్న భయం లేదు. భయమంతా విలువ తారీకు కాడే. మే 31 పొద్దున చలానా కట్టి, అందరూ వచ్చి నిలబడినట్టు ఆఫీసోళ్ళే ఒక నంబరు చీటీ ఇచ్చి ఉంటే, జూన్ 5న సర్వరు లేచినప్పుడు మే 31 విలువ మీద చెయ్యటానికి సాంకేతికంగా అడ్డేం లేదు. ఒక జీవో, ప్రోగ్రాంలో ఒక గడి. అంతే. ఆ చీటీకి సర్వరు కూడా అక్కర్లేదు, రబ్బరు స్టాంపు చాలు.

రేషన్‌కయితే ఇంకా తేలిక. మన కృష్ణా జిల్లాలో ఈపోస్ మిషన్లు 2015లోనే వచ్చినయ్. వేలిముద్ర పడకపోతే, మిషను కలవకపోతే, ఆ పేరుతో మనిషికి తిండి ఆపకూడదని 2018 ఆధార్ తీర్పు నాటి నుంచి వింటన్నాం. 2025 జూన్ నుంచి మళ్ళీ బండ్లు పోయి షాపుల కాడే ఇస్తన్నారు. ఎండలో ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చినోడికి "రేపు రా" అనే మాట, బియ్యం కంటే ఖరీదు.

మన కుర్రాళ్ళు చెయ్యగలిగింది కూడా ఉంది. బీటెక్ చదివి ఊళ్ళో ఉన్నోళ్ళు, పోటీ పరీక్షలకి తయారయ్యేవాళ్ళు, మీకే చెప్తన్నా. ఈసారి "సర్వర్ డౌన్" అన్నప్పుడు తెర మీద ఏ మాట పడిందో అడగండి. టైమ్ అవుటా, రిఫ్యూజ్డా, ఆధార్ తప్పా, చలానా రాలేదా. కసురుకుంటారు, పర్లేదు, మర్యాదగా అడగండి. టైము రాసుకోండి. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, అదే టైముకి చందర్లపాడులో, వత్సవాయిలో, పెనుగంచిప్రోలులో ఎట్టా ఉందో కనుక్కోండి. అక్కడ నడుస్తంటే రోగం మీ ఆఫీసు నెట్టులోనే. అన్నిచోట్లా ఆగితే పైన. ఈ చిన్న పని చేస్తే సగం దర్యాప్తు అయిపోయినట్టే, నేను రాత్రి పూట చేసేదీ ఇదే. తర్వాత సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పది రూపాయలు. ఫలానా నెలలో ఏ తారీకు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా సేవ ఆగింది, కారణమేమని రాసుకున్నారు, ఇంతే అడగండి. నెల రోజుల్లో జవాబివ్వాలి. "రికార్డు లేదు" అని వస్తే అది కూడా దాచుకోండి. కొలవని దాన్ని బాగుచేస్తన్నామని ఎవురు చెప్పినా అప్పుడు ఆ కాగితం తీసి చూపించవచ్చు.

మొన్న బాబాయ్ ఫోన్ చేశాడు. పక్క చెలక ముప్పై సెంట్లు బేరానికొచ్చిందంట. ఎప్పుడు పెట్టుకుంటే మంచిదని అడిగాడు. ముహూర్తం గురించేమో అనుకుని, పంతులుగారిని అడక్కపోయావా అన్నా.

"పంతులుగారు చెప్పింది మంచి రోజు అబ్బాయ్. ఆ రోజు అందరూ వస్తారు గదా. నువ్వు చెప్పు, ఎవురూ రాని రోజు."

నెల మధ్యలో, మామూలు రోజు చూసి, పొద్దున పదింటి స్లాట్ తీసుకోమన్నా. అమ్మేవాళ్ళెవురని అడిగితే, ఆ పెద్దమ్మ చిన్నకొడుకేనన్నాడు. అదనపు ఖర్చొస్తే ఎవురు పెట్టుకోవాలో ఈసారి అగ్రిమెంట్‌లోనే ఒక లైను రాయించుకున్నారంట.